రంగుకు కట్టే వెల

ఉగాది దగ్గరపడేసరికి జహీరాబాద్ చుట్టుపక్కల చెరుకు గానుగలు ఒక్కొక్కటే ఆగిపోతాయి. పొయ్యి చల్లారుతుంది, కడాయి కడిగి బోర్లిస్తారు, మిగిలిన పిప్పిని వామి వేస్తారు. ఇక లెక్కలు చూసుకునే రోజులు. ఝరాసంగం మండలంలో అయినా, పక్కనున్న న్యాల్‌కల్, రాయికోడ్ వైపు అయినా, బెల్లం వండిన చిన్న రైతులు నలుగురు కూర్చుంటే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: "మీకు ఈసారి రంగు ఎట్ల వచ్చింది?" పచ్చగా మెరుస్తూ వచ్చిందంటే కాలం కలిసొచ్చినట్టు. నల్లబడిందంటే చేసిన చాకిరీ అంతా మట్టిపాలైనట్టు. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఆ ప్రశ్న గురించే. చిన్న బెల్లం తయారీదారు తన కాలాన్ని రంగుతో బేరీజు వేసుకున్నంతవరకూ నష్టపోతూనే ఉంటాడని నా వాదన. ఆ కొలత గానుగలో పుట్టింది కాదు. తెల్ల చక్కెరను చూసి అలవాటైన కళ్లతో వచ్చిన కొలత అది.

ముందు అంకెలు చూద్దాం. టన్ను చెరుకు ఆడితే ఇంచుమించు క్వింటాలు బెల్లం దిగుతుంది. చెరుకు రకాన్ని, పక్వాన్ని, గానుగ బిగువును బట్టి కాస్త అటూ ఇటూ. కేంద్రం ప్రకటించిన చెరుకు ధర, 10.25 శాతం చక్కెర రికవరీ లెక్కన, 2024-25 సీజనుకు క్వింటాలుకు 340 రూపాయలు, 2025-26కు 355. అంటే 2025-26 ధరకు అదే టన్ను చెరుకు మిల్లు గేటు దగ్గర దించితే 3,550 రూపాయలు రావాలి. బెల్లం వండితే, తయారైన ప్రతి కిలోలోనూ చెరుకు ఖరీదే ముప్పై అయిదున్నర రూపాయలు ఉందన్నమాట. దాని పైన గానుగ కరెంటు, పొయ్యి దగ్గర కూలి, సున్నం, అచ్చులు, సంచులు, మార్కెట్టుకు బండి కిరాయి. ఇంత ఇరుకు సందులో నడిచే వ్యాపారంలో, కొనేవాడు రంగు వంక పెట్టి కిలోకు నాలుగు రూపాయలు కోశాడంటే లాభంలో కొంత కోసినట్టు కాదు, మొత్తం లాభమే పట్టుకుపోయినట్టు. మరి మిల్లుకే తోలొచ్చు కదా అంటారు. తోలొచ్చు, కోత ఆర్డరు వేళకు వస్తే, మిల్లు ఆ ఏడు ఆడితే, బిల్లు చేతికందితే. ఈ మూడింటిలో ఏది తప్పినా చెరుకు మాత్రం పొలంలో ఆగదు, ఎండి తూకం తగ్గిపోతుంది. కాబట్టి గానుగ చాలామందికి సరదా కాదు, రెండో దారి. ఆ రెండో దారిలో కూడా ధర నిర్ణయించే తాళం చెవి రంగు పేరుతో ఇంకొకరి చేతిలో ఉంది.

ఇంతకీ బెల్లానికి రంగు ఎక్కడి నుంచి వస్తుంది? గానుగ నుంచి కడాయిలో పడినప్పుడు రసం బూడిద రంగు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. అందులో సున్నపు తేట కలిపి పులుపు విరుస్తారు. పిప్పి మంట అందుకున్నాక నల్లటి తెట్టు పైకి లేస్తుంది. అప్పుడు బెండ మొక్క కాండాన్ని దంచి నీళ్లలో పిసికిన జిగురును పోస్తారు. ఆ జిగురు రసంలోని మలినాలను చుట్టుకుని పైకి తెస్తుంది, దాన్ని జల్లిగరిటెతో తోడేస్తారు. తోడటంలో చూపిన ఓపిక మీదే బెల్లం నాణ్యత సగం ఆధారపడి ఉంటుంది. తర్వాత పొంగు, నురగ, చిక్కబడుతున్న పాకంలో నెమ్మదిగా పేలే పెద్ద పెద్ద బుడగలు. వేడి 118 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరికి వచ్చేసరికి చన్నీళ్లలో వేసిన చుక్క గట్టి ఉండ కడుతుంది, పళ్లేనికేసి కొడితే ఠంగుమంటుంది. అప్పుడు దించాలి. కొంచెం ఆలస్యమైతే మాడు వాసన, కొంచెం తొందరపడితే వానాకాలంలో చెమ్మగిల్లి కారిపోయే ముద్ద. అరిసెలకు పాకం పట్టే ఇల్లాలికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. తేడా అల్లా, ఇక్కడ పొయ్యి మీద ఉన్నది వందల కిలోల రసం.

ఈ వంటలో నలుపు వచ్చే దారులు చాలా ఉన్నాయి. కోసిన చెరుకు గట్టు మీద రెండు మూడు రోజులు పడి ఉంటే అందులోని చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజుగా మారుతుంది. అవి పొయ్యి మీద తొందరగా నల్లబడతాయి, పైగా బెల్లాన్ని గట్టిపడనివ్వవు. ఇది తప్పే. తెట్టు సరిగా తీయకపోవడం, అడుగంటించడం కూడా తప్పులే. కానీ చౌడు తగిలిన నేల, చెరుకు రకం, ఇనుప రోలరూ ఇనుప కడాయీ తగిలి రసంలోని పదార్థాల రంగు ముదరడం, వీటివల్ల వచ్చే నలుపుకు తినేవాడికి జరిగే హాని ఏమిటి? మార్కెట్టులో గడ్డ విరిచి చూసే కంటికి ఈ తేడా తెలియదు. మాడిన బెల్లం, మంచి బెల్లం, మురికి బెల్లం మూడూ ఒకే కుప్పలో పడతాయి. అనకాపల్లి లాంటి పెద్ద మార్కెట్టులో కూడా మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని విడదీసేటప్పుడు ముందు చూసేది రంగునే.

రంగుకే వెల అన్నాక రంగు కొనుక్కోవడం మొదలవుతుంది. గానుగల దగ్గర హైడ్రోస్ అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైటును పాకం దింపే ముందు చల్లితే ముదురు గోధుమ రంగు చూస్తుండగానే పసుపులోకి తిరుగుతుంది. చెరుకు బాగుపడలేదు, తెట్టు పోలేదు, తేమ తగ్గలేదు. రంగు ఒక్కటే మారింది. అది కూడా నిలవదు, నిల్వలో ఆ మెరుపు తగ్గి బెల్లం మళ్లీ నల్లబడుతుంది, కాకపోతే అప్పటికి అది దుకాణదారుడి దగ్గరో, మన వంటింటి డబ్బాలోనో ఉంటుంది. మిగిలేది గంధకపు అవశేషం. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం చెరుకు బెల్లంలో సల్ఫర్ డయాక్సైడు పది లక్షల పాళ్లకు 70 పాళ్లు మించకూడదు. చిటికెలతో, పిడికిళ్లతో కొలిచే చోట ఆ హద్దు ఎవరికి తెలుస్తుంది? ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి సల్ఫైట్లు పడవు. రంగు డబ్బుకు లొంగే సాక్షి అని దీన్నిబట్టి అర్థమవుతుంది. అలాంటి సాక్షి మాట మీద తీర్పు చెప్పే మార్కెట్టులో నష్టపోయేది హైడ్రోస్ ముట్టని రైతే.

సరిగ్గా ఇదే చిక్కు మనకు చాలా దూరంలో, మంచు దేశాల్లో మరో తీపి వండేవాళ్లకూ వచ్చింది. కెనడాలోని క్విబెక్‌లో, అమెరికాలోని వెర్మాంట్‌లో మేపుల్ చెట్టుకు చిన్న రంధ్రం చేసి, కారిన నీటిని పట్టి, కాచి పాకం చేస్తారు. మన ఈతచెట్టుకు గీత పెట్టినట్టే అనుకోండి, కాకపోతే వాళ్ల కాలం చలికాలం చివర్లో కొన్ని వారాలే, రాత్రి గడ్డకట్టే చలి, పగలు మంచు కరిగే ఎండ ఉన్నన్నాళ్లు. ఆ నీటిలో తీపి రెండు శాతమే. నలభై లీటర్లు కాస్తే ఒక లీటరు పాకం. నీరు మరిగే వేడికి ఇంకో నాలుగు డిగ్రీలు దాటాక దించుతారు. కాలం మొదట్లో వచ్చిన పాకం లేత బంగారు రంగులో ఉంటుంది. ఎండలు ముదిరేకొద్దీ చెట్టునీటిలో సూక్ష్మజీవులు చేరి చక్కెరను విరుస్తాయి, పాకం నల్లబడుతుంది. మన గట్టు మీద ఎండిన చెరుకులో జరిగేదే అక్కడ చెట్టునీటిలోనూ జరుగుతుంది. ప్రతి విడత పాకంలోనూ కాస్త చిన్న సీసాలో పోసి, వరుసగా కిటికీలో నిలబెట్టుకునే అలవాటు అక్కడి చిన్న తయారీదారుల్లో ఉంది. కాలం అయిపోయాక ఆ వరుసను చూస్తే ఏ వారం ఏం జరిగిందో తెలిసిపోతుంది.

వాళ్లకు కూడా చాలా ఏళ్లపాటు లేత రంగుకే పెద్ద పీట. తెల్ల చక్కెర చవకగా దిగాక, దానితో పోటీకి నిలబడాలంటే మేపుల్ కూడా ఎంత తేటగా, ఎంత వాసన లేకుండా ఉంటే అంత గొప్ప అనే లెక్క స్థిరపడింది. ముదురు పాకానికి 'బి గ్రేడు' అని ముద్ర. చెట్టునీరు ఎక్కువ రోజులు కారాలని, పాకం లేతగా రావాలని చెట్టు రంధ్రంలో ఫార్మాల్డిహైడ్ బిళ్లలు పెట్టిన కాలం కూడా ఉంది, తర్వాత వాటిని మాన్పించారు. మన హైడ్రోస్ కథకూ దానికీ పెద్ద తేడా లేదు. 2014లో వెర్మాంట్, 2015లో అమెరికా అంతటా గ్రేడ్లు తిరగరాశారు, కెనడా కూడా అదే దారి పట్టింది. దోషం లేని ప్రతి పాకమూ 'ఎ గ్రేడే'. అందులో బంగారు రంగుది సున్నిత రుచి, కాషాయపుది నిండు రుచి, ముదురుది ఘాటు రుచి, మరీ ముదురుది ఇంకా బలమైన రుచి అని నాలుగు పేర్లు. రంగును తీసేయలేదని గమనించాలి. కాంతి ఎంత శాతం దాటుతుందో కొలిచి మరీ చూస్తారు. కానీ అది మంచిచెడ్డలు చెప్పడం మాని రుచి చెప్పడం మొదలుపెట్టింది. మాడు వాసన, పులిసిన రుచి ఉన్నవాటిని, చిక్కదనం తప్పినవాటిని రంగుతో సంబంధం లేకుండా పక్కన పెడతారు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. అక్కడి మాట అక్కడిది, మన కొనుగోలుదారుడు పచ్చ బెల్లమే అడుగుతాడు, చిన్న రైతు ఊరందరికీ పాఠాలు చెబుతూ కూర్చుంటాడా అని. ఈ మాటలో నిజం ఉంది. అయితే కొనేవాడి ముందు రంగు తప్ప మరేదీ పెట్టనప్పుడు అతను రంగు కాక ఇంకేం చూస్తాడు? కేరళలో ఇడుక్కి జిల్లా మరయూర్ బెల్లం ముదురు గోధుమ రంగు. మన మార్కెట్టులో అయితే నిస్సందేహంగా మూడో రకం. ఆ బెల్లానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ రంగే దానికి ఆనవాలు అయింది. అంత దూరం కూడా పోనక్కర్లేదు. జొన్న, సజ్జ, కొర్ర తినడం నామోషీ అనుకున్న రోజుల్లో, 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి ఈ జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళా సంఘాలు వాటిని పండించాయి, విత్తనం దాచాయి, ఏటా పాత పంటల జాతర తీశాయి. ఇదే ఝరాసంగం మండలం మాచనూరులో 2008లో సంఘం రేడియో పెట్టుకుని తమ మాట తామే వినిపించాయి. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అయ్యేసరికి, ఒకప్పుడు తెల్లన్నం ముందు తలవంచుకున్న గింజకు పట్నంలో బియ్యం కన్నా ఎక్కువ ధర పలుకుతోంది. అవును, దీనికి నలభై ఏళ్లు పట్టింది. బెల్లానికీ రాత్రికి రాత్రే జరగదు. కానీ తెలుపే మేలన్న అభిప్రాయాన్ని మార్చిన అనుభవం ఈ నేలకు కొత్త కాదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. నల్లబెల్లం అంటే గుడుంబా బెల్లం కదా, దానికి మర్యాద ఇవ్వమంటారా అని అడిగేవాళ్లుంటారు. తెలంగాణలో గుడుంబా ఎన్ని ఇళ్లు కూల్చిందో తెలిసినవాళ్లెవరూ ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేరు. 2015 నుంచి జోరుగా సాగిన దాడుల్లో బెల్లం, పటిక అమ్మకాల మీద నిఘా పడింది. మేడారంలో బెల్లాన్ని బంగారమని పిలిచి, నిలువెత్తు తూచి సమ్మక్క సారలమ్మలకు సమర్పిస్తారు. ఆ బంగారం కొనేవాళ్ల ఆధార్ వివరాలు కూడా రాసుకునే దాకా ఆ నిఘా వచ్చింది. సరే, కాసేపు ఆలోచించండి. తీపి ఉన్న ప్రతిదీ పులుస్తుంది, పచ్చ బెల్లమైనా, తెల్ల చక్కెరైనా. సారా కాచేవాడు నల్లబెల్లం కొనేది నలుపు కోసం కాదు, చవక కోసం. దాన్ని చవక చేసింది ఎవరు? రంగు చూసి ధర కోసిన మార్కెట్టే కదా! తినడానికి పనికొచ్చే ముదురు బెల్లానికి తగిన ధర దక్కితే అది సారా బట్టీకి చేరడానికి కారణమే ఉండదు. నిజంగా తినడానికి పనికిరాని సరుకును పట్టుకోవడానికి కొలతలు నిబంధనల్లోనే ఉన్నాయి: మొత్తం చక్కెరలు 90 శాతానికి, సుక్రోజు 60 శాతానికి తగ్గకూడదు, బూడిద 6 శాతం, గడ్డ బెల్లంలో తేమ 10 శాతం మించకూడదు. ఇందులో రంగు ఊసే లేదు. చట్టం అడగని రంగును చెక్‌పోస్టు దగ్గర అడిగితే చిక్కేది సారా వ్యాపారి కాకపోవచ్చు, సంతకు నాలుగు బుట్టలు తీసుకెళ్తున్న రైతు కావచ్చు.

ఇన్ని పరీక్షలు చిన్నవాడు చేయించగలడా అన్నది మూడోది. అన్నీ చేయించలేడు, నిజమే. బూడిద, సల్ఫర్ డయాక్సైడు ప్రయోగశాల పనులు, వాటిని మార్కెట్ కమిటీయో, రైతు సంఘమో కలిసి చేయించాలి. కానీ రసంలో తీపి చూపే చేతి పరికరం రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది, వేడి చూసే థర్మామీటరు అంతకన్నా తక్కువ. వాటికన్నా చవకైనది ఒక నోటు పుస్తకం. మేపుల్ వాళ్ల కిటికీలో సీసాల వరుస చేసే పని ఈ పుస్తకం చేస్తుంది. కడాయి కడాయికి ఇంత అని రాసుకోవాలి: చెరుకు కోసి ఎన్ని గంటలైంది, ఎంత చెరుకు ఆడితే ఎంత రసం వచ్చింది, తీపి ఎంత, ఎంత పిప్పి కాలింది, ఎంత బెల్లం దిగింది.

కాలం చివర్లో ఆ పుస్తకం తిరగేస్తే రంగు ఎన్నడూ చెప్పని సంగతులు బయటపడతాయి. ఉదాహరణకు గానుగ బిగువు. మూడు రోలర్ల గానుగ వంద కిలోల చెరుకు నుంచి 55 నుంచి 65 కిలోల రసం తీస్తుంది. రోలర్లు అరిగో, వదులుగానో ఉండి 60కి బదులు 55 వచ్చిందనుకోండి. పోయిన ఐదు కిలోల రసంలో 18 శాతం తీపి ఉంటే అది ఇంచుమించు కిలో బెల్లం. టన్నుకు పది కిలోలు. కిలో నలభై రూపాయలనుకున్నా టన్నుకు నాలుగు వందల రూపాయలు పిప్పితో పాటు పొయ్యిలో కాలిపోయాయి. రంగు వంకతో వ్యాపారి కిలోకు నాలుగు రూపాయలు కోస్తే, క్వింటాలు బెల్లం మీద పోయేదీ సరిగ్గా నాలుగు వందలే. వ్యాపారిని తిట్టుకుంటూ ఏడాదంతా గుర్తుంచుకుంటాం, గానుగ తిన్న నాలుగు వందలు మాత్రం ఎవరికీ కనిపించవు. పైగా రెండోదాన్ని ఆపడం మన చేతిలో పని, ఒక మెకానిక్కును పిలిస్తే సరిపోయే పని. కోతకూ ఆడటానికీ మధ్య ఎడం తగ్గించడం కూడా అంతే. ఇరవై నాలుగు గంటల్లోపు ఆడేంత చెరుకే కోయాలి, అంతకు మించి కోసి గట్టున పెడితే రసమూ పోతుంది, గట్టిదనమూ పోతుంది.

అమ్మకం సంగతికొస్తే, మొత్తం సరుకును ఇప్పటికిప్పుడు రంగు లెక్క నుంచి తప్పించడం సాధ్యం కాదు. వేలానికి పోయే బెల్లం అలాగే పోతుంది. కానీ కొంత భాగాన్ని వేరే తక్కెడలో పెట్టొచ్చు. గానుగలు ఇంకా ఆడుతుండగానే మహాశివరాత్రి వస్తుంది. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి దగ్గరికి మన జిల్లాల నుంచే కాక కర్ణాటక, మహారాష్ట్రల నుంచి జనం వస్తారు. ముంబై జాతీయ రహదారి జహీరాబాద్ మీదుగానే పోతుంది. ఈ రెండు చోట్లా అమ్మే ప్రతి కిలో గడ్డ మీద ఒక చీటీ ఉంటే చాలు: ఏ ఊరి చెరుకు, ఏ తేదీన వండింది, బెండ జిగురుతో తేర్చింది, హైడ్రోస్ కలపలేదు, తేమ ఇంత. ఆ మాట అబద్ధమైతే పట్టుకోవడానికి వీలుండాలి కాబట్టి చీటీ మీద గానుగ పేరూ ఉండాలి. పదిమంది రైతులు కలిసి సీజనుకు రెండుసార్లు ప్రయోగశాల పరీక్ష చేయించి ఆ కాగితాన్ని దుకాణంలో వేలాడదీస్తే మరీ మంచిది. మార్కెట్ యార్డులో ధరల బోర్డు మీద రకం పక్కన తేమ, సుక్రోజు కోసం రెండు గళ్లు గీయమని అడగడానికి కూడా ఇదే అదను. ఇప్పుడు యార్డులో రద్దీ ఉండదు, కమిటీ వాళ్లకు వినే తీరిక ఉంటుంది. కార్తీకం దాటి బళ్లు బారులు తీరాక ఆ గళ్లు గీసేవాళ్లు దొరకరు.